ఒక వానకాలం ఆగమన్న మనిషి

మా అల్లుడు మంచివాడు. మొన్న ఆదివారం నేను అతని మీద అరిచిన అరుపుల్లో అతని తప్పు ఇసుమంత కూడా లేదు. భోజనాలయ్యాక మా ముందుగదిలో కూర్చుని కంప్యూటర్లో ఆట ఆడుకుంటున్నాడు. ఇళ్లు కట్టే ఆటట. నలభై ఏళ్లు ఓవర్సీరుగా ఇళ్లూ బళ్లూ కట్టించిన మామగారికి సరదాగా ఉంటుందని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు పాపం.

తెర మీద ఒక గుట్ట వాలు ఉంది. ఆ వాలు మీదికి చెక్క నేల ఒకటి తెచ్చి ఆనించాడు. మీట నొక్కగానే అది అక్కడ కూర్చుంది. ఒక కొస గుట్టలోకి దిగబడింది, రెండో కొస గాలిలో తేలింది. తేలిన కొస కింద నుంచి కాళ్లు వాటంతట అవే దిగి మట్టిలో పాతుకున్నాయి. ఎంత లోతు కావాలంటే అంత లోతు. తవ్వింది లేదు, తడిపింది లేదు, దిమ్మిసతో కొట్టింది లేదు.

నా మొహం చూసి, నాకు నచ్చలేదనుకుని ఇంకో ఆట తెరిచాడు. అందులో ఇల్లు పెట్టగానే ఎగుడుదిగుడు నేల తనంతట తానే చదునై ఇంటికి చోటిచ్చింది. మూడోదాంట్లో అంతా గళ్లుగళ్లుగా ఉంది. నేల పరిచి, దాని కింది మట్టి మొత్తం తవ్వి తీసేసినా నేల గాలిలో నిలబడే ఉంది. ఇసుక మీదా అదే పలక, బురద మీదా అదే పలక, మంచు మీదా అదే.

"కింద మన్ను మారితే ఏమవుతుంది?" అని అడిగాను.

"రంగు మారుతది మామయ్యా, అంతే."

అంతే అన్నాడు. అక్కడ నాకు తిక్క రేగింది. నేలంటే ఏమనుకుంటున్నావు, మన్నంటే ఏమనుకుంటున్నావు, మీ ఇంజనీర్లందరూ ఇట్లాగే తయారయ్యారని నోటికొచ్చిందల్లా అన్నాను. అతను ఇంజనీరు కూడా కాదు, బ్యాంకులో పనిచేస్తాడు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఇది ఆట మామయ్యా అని రెండుసార్లు మెల్లగా చెప్పి చూశాడు అల్లుడు. తర్వాత కంప్యూటర్ మూసి, లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

మొదటి ఆటలో ఒక్కటి మాత్రం నాకు నచ్చింది. అక్కడక్కడా చోటు కుదరకపోతే ఆ పలక ఎర్రగా మారి, ఇక్కడ వద్దంటుంది. కొంచెం పక్కకు జరిపితే మళ్లీ పచ్చగా అవుతుంది. ఆ ఎరుపు చూసినప్పుడే నాకు పెద్దమేస్త్రి గుర్తొచ్చాడు. అరుపులు ఆ తర్వాతవి.

ఆయన్ను అందరం పెద్దమేస్త్రి అనే పిలిచేవాళ్లం. అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఒకసారి ఆయన పేరు కాగితం మీద రాసి చేసిన ఘనకార్యం చాలు.

డెబ్బైలలో వరంగల్ చుట్టుపక్కల సర్కారు కట్టడాలకు నేల వేయాలంటే ఆయనే. పొట్టి మనిషి, మోకాళ్ల మీదికి ఎగగట్టిన ధోతి, చెవి వెనక బీడీ. మంచిమాట అనేది ఆయన నోట వచ్చేది కాదు. కొత్త జాగాకు పోగానే అంచున ఆగి చెప్పులు విడిచేవాడు. రోహిణి కార్తె ఎండలో కూడా అంతే. ఒకసారి నేను బూట్లతో వెనకే నడిచి వెళ్తే ఆగి నా కాళ్ల వంక చూశాడు. చెప్పులేసుకుంటే కాలికి ఏం తెలుస్తదని కసురుకున్నాడు. ఆయన చూపు భరించలేక బూట్లు విప్పాను. అరికాళ్లు బొబ్బలెక్కాయి. నాకేం తెలియలేదు. ఆయనకు మాత్రం అడుగు కింద ఏముందో, మూడడుగుల కింద ఏముందో తెలిసిపోయేది.

చెంబెడు నీళ్లతో పిడికెడు మన్ను తడిపి, లడ్డూలాగా ఉండ చేసి, ఎండలో గోడ మీద పెట్టేవాడు. సాయంత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిట్లు మొదలుపెట్టేవాడు. ఎర్ర చెల్క మన్నయితే తిట్లు తక్కువ. గుట్టబండ అయితే నేలకు ఫికర్ లేదు కానీ బండ మీద జారే నీళ్లకు తొవ్వ ఇవ్వాలని గొణిగేవాడు. నల్లరేగడి అయితే మాత్రం పూనకమే.

"ఇది దొంగది చిన్నసేటూ. ఎండకాలం నోరు తెరుసుకోని పండుకుంటది. వాన తాగిందంటె లేస్తది. లేసినప్పుడు మీద ఏమున్నదో సూడది."

నన్ను చిన్నసేటు అనేవాడు. హన్మకొండ బజారులో మా నాయనకు ఇనుప సామాను దుకాణం ఉండేది. తలుపులకు వేసే కబ్జాలు, గొళ్లేలు, మేకులు అమ్మేవాళ్లం. ఆయన మా దుకాణానికి వచ్చిపోయే మనిషే కాబట్టి, నేను ఓవర్సీరునై ఆయన పని మీద పెత్తనానికి వచ్చినా సారు అనడం అలవాటు చేసుకోలేదు.

అన్నిటికంటే ఆయన వింత అలవాటు తలుపులు. ఏ ఊళ్లో పని మొదలుపెట్టినా ముందు ఊళ్లోకి పోయి, ఎవరింటి ముందైనా నిలబడి, తలుపు జర వేసి చూపించమని అడిగేవాడు. తలుపు సాఫీగా పడితే వాళ్లకో దండం పెట్టి పక్కింటికి. ఎక్కడైనా రాసుకుంటే, ఎండకాలంలో కూడా ఇట్లాగే రాసుకుంటుందా, వానలకేనా, నేల ఎన్నడు వేశారు, ఏ మూల లేచిందని పోలీసోడి కంటే ఎక్కువ ప్రశ్నలు. నేల మాట తలుపు చెబుతుందని ఆయన లెక్క. నేల లేస్తే ముందు బిగుసుకునేది తలుపే మరి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊళ్లో, పట్టపగలు వచ్చి తలుపులు పరీక్షిస్తున్నాడు, దొంగ కాకపోతే ఎవడని ఒకామె చీపురుకట్ట తీసుకుని వీధి చివరిదాకా తరిమింది. నేను పొట్టపట్టుకుని నవ్వుతుంటే ఆయన రొప్పుతూ వచ్చి, ఆమె తలుపు కింద రాసుకుంటుంది, ఊరంతా రేగడే, నవ్వింది చాలు రాసుకో అన్నాడు.

ఏటూరునాగారం అడవిలో గార్డుల ఇళ్లు కడుతున్నప్పుడు, ఒక కోయామె తన గుడిసె నేల తిరిగి మెత్తుకుంటుంటే ఆమె ముందు రెండు పూటలు గొంతుక్కూర్చుని చూశాడు. ఏం కలుపుతుంది, ఎంతసేపు తొక్కుతుంది అని ఒక్కొక్కటే అడిగాడు. సిమెంటు మేస్త్రికి మట్టినేలతో ఏం పనని నేను పరాచికాలాడాను. ఆమె నేల ముప్పై వానలు చూసిందట, నీ సిమెంటు ఎన్ని చూసిందని అడిగి, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నేల వేయడం అయిపోయాక చివరి మూల దగ్గర చెంబెడు నీళ్లు వంపేవాడు. నీళ్లు ఆయన అనుకున్న మూలకు మెల్లగా నడిచి వెళ్లాలి. వెళ్లేదాకా అన్నం ముట్టేవాడు కాదు. గద్దించినా బతిమాలినా అంతే. నీళ్లు మూలకు చేరాక తలుపు వేసి చూసి, కాళ్లు కడుక్కుని, అప్పుడు సద్దిమూట విప్పేవాడు.

ఇక దవాఖాన సంగతి.

ఘన్‌పూర్ దిక్కు ఒక రేగడి ఊళ్లో కాన్పుల దవాఖాన మంజూరైంది. అప్పట్లో హైదరాబాదులో ఒక నమూనా గీసి అన్ని ఊళ్లకూ అదే పంపేవారు. గుట్ట మీదైనా, చెల్కలోనైనా, రేగడిలోనైనా పునాది లోతు అదే, నేల కింద పోసే మొరం కంకర మందం అదే. పాలకుర్తి దగ్గర చెల్కలో ఆ నమూనా మీద కట్టిన దవాఖాన బ్రహ్మాండంగా నిలబడింది. అందుకని ఇక్కడా నిలబడుతుందన్నాడు మా ఇంజనీరు. వానలు పడేలోపల మంత్రితో రిబ్బను కత్తిరింపించాలని ఆయన తొందర.

పెద్దమేస్త్రి పునాది నుంచి గోడల దాకా లేపాడు. నేల దగ్గర ఆగిపోయాడు. గోడల మధ్య రేగడి తీసేయాలి, మొరం తగిలేదాకా తవ్వాలి, ఇసుకా మొరమూ పొరలు పొరలుగా పోసి నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి, ఆ పైన ఒక వానకాలం వదిలేయాలి అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఇంజనీరు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను. నిలబడటమే తప్ప నోరు విప్పలేదు.

నమూనాలో ఉన్నట్టు వేయమన్నాడు ఇంజనీరు. పెద్దమేస్త్రి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కాయిదం హైద్రాబాదుల గీసిండ్రు సారు. మన్ను ఈడ ఉన్నది. ఒక్క వానకాలం ఆగుండ్రి. మన్ను ఎంత లేవాల్నో అంత లేసి పండుకోనియ్యుండ్రి. అటెన్క నేనే ఏస్త."

ఆగడం కుదరదన్నాడు ఇంజనీరు. అయితే నేను ఎయ్య అన్నాడు ఆయన. తాపీ కడుక్కున్నాడు, రసమట్టం గుడ్డలో చుట్టుకున్నాడు, జాగా అంచుకు వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. ఆటలో ఎర్రగా చూపించిన చోటు నుంచి కొంచెం పక్కకు జరిగితే పచ్చగా అవుతుంది కదా. ఇంజనీరు కూడా అట్లాగే జరిగాడు. ఎక్కడి నుంచో వేరే మనుషుల్ని తెచ్చి పది రోజుల్లో గచ్చు చేయించాడు. అద్దంలా మెరిసింది. రిబ్బను కత్తిరించారు. నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్లి లడ్డూ తిన్నాను.

అదే ఏడు వానలు గట్టిగా పట్టాయి. కాన్పు గది నేల మధ్యలో మూపురంలా లేవడం మొదలైంది. తలుపు లోపలికి తెరుచుకునేది. వారం రోజులుగా భుజంతో నెట్టి తెరుస్తున్నామని ఆయమ్మ తర్వాత చెప్పింది. ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియదు. ఒకరోజు పొద్దున ఒక రైతు భార్యకు నొప్పులు వస్తుంటే వేడినీళ్లకని ఆయమ్మ బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగింది. తిరిగొచ్చి నెడితే తలుపు కదల్లేదు. ఇద్దరు నెట్టారు, నలుగురు నెట్టారు. కిటికీకి ఇనుప చువ్వలు. గడ్డపార కోసం ఊళ్లోకి పరుగెత్తారు. లోపల ఆమె ఒక్కతే. తలుపు పగలగొట్టేసరికి అరగంట దాటింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఈ నాలుగు మాటలు కలం కాగితంలో దిగేలా నొక్కి రాశాను. దుఃఖంతో కాదు, కోపంతో. ఎందుకంటే తర్వాత వచ్చిన విచారణ రిపోర్టులో ఆ బిడ్డ లేనే లేదు. పగిలిన గచ్చు ఉంది, విరిగిన తలుపు ఉంది, దాని కొలతలు ఉన్నాయి. కారణం అనే చోట నాసిరకం పనితనం అని ఉంది. మన్ను మాట లేదు. నమూనా మాట లేదు. పనిచేసిన మేస్త్రి అనే చోట ఒక పేరు ఉంది.

ఆ పేరు రాసింది నేను. పునాది నాటి నుంచి నేను రోజూ రాసే పనిపుస్తకంలో ఆయన పేరే ఉంది. మధ్యలో వెళ్లిపోయాడని నేను రాయలేదు. రాస్తే ఎందుకు వెళ్లిపోయాడో కూడా రాయాలి. రిపోర్టులోకి పుస్తకంలో ఏముందో అదే ఎక్కించు, నీది కొత్త ఉద్యోగం, అతనికి పోయేదేముంది, రేపు ఇంకోచోట తాపీ పట్టుకుంటాడు అన్నాడు ఇంజనీరు. నేను అచ్చంగా పుస్తకంలో ఉన్నదే ఎక్కించాను. అబద్ధం ఒక్క అక్షరం కూడా రాయలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అంత సిగ్గుమాలిన మాట ఇంకోటి లేదు.

విచారణ హన్మకొండలో మా ఆఫీసులోనే జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాఫీసరు బల్ల వెనక, పక్కన మా ఇంజనీరు. నేను స్టూలు మీద, పనిపుస్తకం ఒళ్లో. పెద్దమేస్త్రిని పిలిపించారు. గుమ్మం బయట చెప్పులు విడిచి వచ్చాడు. ఆ నేల నువ్వే వేశావా అని అడిగాడు ఆఫీసరు. నేను వెయ్యలేదన్నాడు. పుస్తకంలో నీ పేరే ఉందే అన్నాడు ఆఫీసరు.

పెద్దమేస్త్రి పుస్తకం వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. కసిరే చూపు కాదు. అడిగే చూపు. ఆయన వెయ్యనన్నాడు సార్, అందుకే వెళ్లిపోయాడు. నేను ఈ రెండు ముక్కలు అంటే చాలు. ఆయన ఆగాడు. నాకు టైమిచ్చాడు. నేను తల దించుకుని పేజీలు తిప్పాను. ఏ పేజీలో ఏముందో వెతుకుతున్నట్టు తిప్పాను.

అప్పుడాయన వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి నడిచాడు. బరువైన టేకు తలుపు. దాన్ని ఒక్క వేలితో నెట్టాడు. చప్పుడు లేకుండా వెళ్లి చట్రంలో కూర్చుంది.

"ఈ ఆఫీసు గచ్చు నేనే ఏసిన సారు. ఈడ గూడ రేగడే ఉండె. నేనేసిన గచ్చు మీద తలుపు గిట్ల పడ్తది. గా దవాఖాన తలుపు ఎట్ల పడ్డదో మీరు సూసిండ్రు."

ఆ తర్వాత మా ఇంజనీరు నవ్వాడు. మనిషి తెలివిగా మాట్లాడుతున్నాడన్నాడు ఆఫీసరు, ఆ మాట అని తలొంచుకుని రాసుకున్నాడు. నేనూ నవ్వానా? నవ్వలేదనే అనుకుంటాను. గట్టిగా చెప్పలేను.

ఇంజనీరుకు ఆ తర్వాత పదోన్నతి వచ్చింది. ఆఫీసరుకు ఏమొచ్చిందో తెలియదు, ఏదో వచ్చే ఉంటుంది. నా ఉద్యోగం ఖాయమైంది. పెద్దమేస్త్రిని సర్కారు పనులకు పెట్టుకోవద్దని మాట వెళ్లింది. సర్కారు వద్దన్న మేస్త్రిని సేట్లు ఎందుకు పిలుస్తారు? వాళ్లూ మానేశారు. మా నాయన దుకాణంలో ఆయన మాట వస్తే, ఆ దవాఖాన మేస్త్రేనా అని జనం అడగడం నా చెవులారా విన్నాను. అవునన్నాడు మా నాయన. ఆయనకు నిజం తెలియదు. నేను చెప్పలేదు.

ఎనభైల మధ్యలో హన్మకొండ శివారులో జాగా కొన్నాను. తవ్వి చూస్తే నల్లరేగడి. నాకు నవ్వు రాలేదు. నెల రోజులు తచ్చాడి, సిగ్గు చంపుకుని స్కూటరెక్కి ఆయన్ను వెతుక్కుంటూ పాలకుర్తి దిక్కు పోయాను. ఒక రైతు బర్రెల కొట్టంలో బండలు పరుస్తున్నాడు. జిల్లా ఆఫీసులకు నేల వేసిన చేతులు అవి. మూత్రం ఎటు పారాలో చూసుకుంటూ, అదే శ్రద్ధతో, రసమట్టం పెట్టి చూస్తున్నాడు. ఆ కొట్టం ముందు నిలబడి ఎవరిని తిట్టాలో తెలియక లోలోపల అందరినీ తిట్టాను. అందరిలో నేనొక్కణ్నే అక్కడ ఉన్నాను.

ఇల్లు కడుతున్నానని చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"మన్నేంది?"

రేగడి అన్నాను.

"ఎల్లుండి వస్త."

వచ్చాడు. అంచున చెప్పులు విడిచాడు. నేను అడక్కుండానే నావి కూడా విడిచాను. మొరం దాకా తవ్వించాడు, పొరలు పోయించాడు, నీళ్లు పెట్టించాడు, దిమ్మిస కొట్టించాడు. గోడలు, కప్పు లేచాక నేల అట్లాగే వదిలేసి వెళ్లిపోయాడు. ఒక వానకాలం గడిచింది. దసరా వెళ్లాక మళ్లీ వచ్చి నేల వేశాడు. అన్ని నెలల్లో పని మాట తప్ప ఒక్కమాట కూడా మాట్లాడలేదు. తిట్టలేదు. మన్నును కూడా తిట్టలేదు. నా వైపు నుంచి క్షమించమనే మాట రోజూ గొంతుదాకా వచ్చేది. రోజూ మింగేవాణ్ని.

ఆఖరి రోజు మా ఆవిడ ముందుగానే ఆకు వేసి పెట్టింది. ఆయన చెంబెడు నీళ్లు వంచి గొంతుక్కూర్చున్నాడు. నీళ్లు మెల్లగా కదిలి ఆయన అనుకున్న మూలకే చేరాయి. లేచి నిలబడ్డాడు. ప్రతిసారీ తలుపు తనే వేసి చూసుకునే మనిషి, ఆ రోజు నన్ను వేయమన్నాడు. మా దుకాణం కబ్జాలే వేసిన తలుపు. ఒక్క వేలితో నెట్టాను. చప్పుడు లేకుండా వెళ్లి కూర్చుంది.

"ఆ దినం ఆఫీసుల గూడ గిట్లనే పడ్డది తలుపు. నువ్వు ఆడనే కూసున్నవు చిన్నసేటూ. నువ్వు సూసినవు."

అంతే అన్నాడు. కాళ్లు కడుక్కున్నాడు. నీళ్లు మూలకు చేరాక కూడా అన్నం ముట్టకుండా వెళ్లడం నాకు తెలిసి అదొక్కసారే. ఆకులో అన్నం అట్లాగే ఉంది. మేస్త్రికి ఒంట్లో బాగాలేదా అని అడిగింది మా ఆవిడ. బాగాలేదన్నాను. ఆయన పోయిన సంగతి కూడా పోయిన చాలా రోజులకు, ఎవరో వేరే మాట మధ్యలో చెబితే తెలిసింది.

మొన్న అల్లుడు నా మీద కోపంతో లోపలికి వెళ్తూ తలుపు విసురుగా వేద్దామనే అనుకుని ఉంటాడు. పెద్దల ముందు ఏం బాగుంటుందని ఆఖరి నిమిషంలో వేలితో ఊరికే అలా తాకాడు. ఆయన నాతో వేయించిన ఆ తలుపే మెల్లగా, చప్పుడు లేకుండా వెళ్లి కూర్చుంది. ఇన్నేళ్లలో ఎన్ని వానలు కొట్టాయో, శివారంతా ఎన్ని ఇళ్ల గోడలు పగిలాయో. ఏటా తొలకరి పడగానే ఆ తలుపు వేసి చూస్తాను. ఒక్క వానకాలమైనా అది బిగుసుకుంటుందేమోనని చూస్తాను. ఒక్కసారి రాసుకున్నా చాలు, ఆయనకూ తప్పు జరుగుతుందని అనుకుని కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఇప్పటిదాకా రాసుకోలేదు.